మా ఇంటికి తామర తెచ్చింది నేను

మా మరదలి చీర గురించి మా బంధువుల్లో ఇప్పటికీ ఒక మాట తిరుగుతోంది. దాన్ని పుట్టించింది నేనే కాబట్టి, అది అబద్ధమని చెప్పవలసిందీ నేనే.

బాగలూరు వైపు ఒక గులాబీ తోటలో మందు కొట్టే పని నాది. తెగుళ్ళ సంగతి నాకు బాగానే తెలుసు. ఆకు మీద బూడిద చల్లినట్టుంటే అది ఫంగస్, మందు కొడితే లొంగుతుంది. వైరస్ పట్టిన మొక్కకు మందు లేదు, పీకి కాల్చేయాలి. కోసిన పూలను పెట్టే బకెట్ నీళ్ళలో బ్యాక్టీరియా పెరిగితే కాడ నీళ్ళు పీల్చలేదు, పువ్వు మెడ వాల్చేస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు ఇదంతా నేనే చెప్పేవాణ్ణి.

తోట మీద వేసిన ప్లాస్టిక్ కప్పు కింద, ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పనిచేస్తే చెమట ఆరదు. ఆ తడికి నా గజ్జల్లో తామర పుట్టింది. గుండ్రంగా, అంచు ఎర్రగా, ఒకటే దురద. ఆ చోటు ఎవరికి చూపించను? మెడికల్ షాపులో ఒక ట్యూబు కొని రాశాను. రెండు రోజుల్లో ఎరుపు పోయింది. రాయడం మానగానే ఇంకా వెడల్పుగా తిరిగి వచ్చింది. మళ్ళీ రాశాను. స్నానాలగది తలుపు మీద వేలాడే తువాలు ఒక్కటే. నేను తుడుచుకున్నదానితోనే నా భార్య కూడా తుడుచుకునేది.

ఆమెకు ముందు నడుము చుట్టూ, తరువాత ముంజేతి మీద వచ్చింది. చేతి మీదది మా అమ్మ కంట పడింది.

"ఇదేందమ్మా, తామర! యాడ అంటించుకొచ్చినావు?"

నా భార్య నా వైపు చూసింది. ఆమెకేమీ తెలియదు, ఊరికే చూసింది. నాకు మాత్రం దొరికిపోయినట్టే అనిపించింది.

"మొన్న పెండ్లికి చెల్లెలి చీర కట్టుకొంది కదమ్మా, దాంట్లోంచే వచ్చుంటుంది" అన్నాను.

అక్కచెల్లెళ్ళిద్దరికీ చిన్నప్పటి నుంచీ ఒకరి చీర ఒకరు కట్టుకోవడం అలవాటు. ఆ అలవాటే నాకు సాకైంది. మా అమ్మ ఆ మాటను ఫోనులో మరదలి అత్తవారి ఊరు బేరిగై దాకా పంపించింది. మరదలు అక్కకు ఫోను చేసి, "నా ఒళ్ళంతా చూపిస్తాను, వచ్చి చూసిపో అక్కా" అని ఏడ్చింది. మా అమ్మ పక్కనే ఉందని నా భార్య ఫోను పెట్టేసింది. తరువాత ఇద్దరికీ మాటల్లేవు. మరదలింట్లో కూడా ఆమె అత్త, మొగుడు ఆమె దుప్పటి వేరుగా పెట్టారని ఎవరో చెప్పగా విన్నాను. విని ఊరుకున్నాను.

నా భార్యకూ మెడికల్ షాపు నుంచే మాత్రలు, అదే రకం ట్యూబు తెచ్చిచ్చాను. తగ్గకపోతే కృష్ణగిరిలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మాత్రల అట్టను తిప్పి చూసింది.

"ఇది యాంటిబయాటిక్. చీము పట్టిన పుండుకైతే పని చేస్తుంది, అది బ్యాక్టీరియా. జలుబుకు చెయ్యదు, అది వైరస్. దీనికీ చెయ్యదు, ఇది ఫంగస్. ఊరగాయ మీద బూజు పడుతుందే, ఆ జాతిదమ్మా. తడి దొరికితే చర్మం మీదే కాపురం పెడుతుంది." తరువాత ట్యూబు చూసింది. "దీంట్లో స్టెరాయిడ్ ఉండాది. దురద పడుకొంటుంది, తామర పడుకోదు. ఇంట్లో ముందు ఎవరికి వచ్చింది?"

"మా చెల్లెలికి లేదు డాక్టరమ్మా" అంది నా భార్య వెంటనే. "వాళ్ళందరూ అంటారు గానీ, దానికి లేదు."

ఇన్నాళ్ళూ ఇంట్లో అనలేని మాట అక్కడ అంది. నేనిక కూర్చోలేకపోయాను.

"నాకే ముందు వచ్చింది. దాచిపెట్టినాను."

డాక్టరమ్మ రాసుకుంటోంది. నా భార్య నా వైపు తిరిగి, "ఎన్నాళ్ళుగా దురద? ఒక్కడివే ఎట్ల ఓర్చుకొన్నావు?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. డాక్టరమ్మతో, "ఆయనకూ మందు రాయండమ్మా" అని చెప్పింది. బస్సెక్కిన తరువాత మాత్రం కిటికీ వైపు తిరిగి, "నాకు చెప్పి ఏం లాభం? బేరిగైకి పో" అంది.

మరుసటి ఆదివారం పోయాను. మరదలు ఇంటి ముందు చేనులో టమాటా నారు నాటుతోంది. గట్టు మీద నిలబడే చెప్పేశాను. ఆమె బురద చేతులు నడుము మీద పెట్టుకుంది.

"తోటలో రోజాపువ్వుకు జబ్బొస్తే ఊరంతా వినేట్టు చెప్తావంట. నీకొస్తే నోరు పెగల్లేదా బావా?"

"సిగ్గేసింది."

"నీ సిగ్గు కాపాడేదానికి నేను గజ్జికుక్కనయినానా? నాతో కాదు, ఆడ చెప్పు."

వాకిట్లో వాళ్ళ అత్త, మొగుడు ఉన్నారు. వాళ్ళ ముందు మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. గజ్జల మాట దగ్గర గొంతు తగ్గించబోతే, "గట్టిగా చెప్పు బావా, అత్తకు చెవుడు" అంది. అత్తకు చెవుడేమీ లేదు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగుడు మాత్రం తల వంచుకుని లోపలికి పోయి, వేరుగా ఉన్న ఆ దుప్పటి తెచ్చి వాళ్ళిద్దరి మంచం మీద పడేశాడు.

మరదలు చేతులు కడుక్కుని ఫోను తీసింది.

"అక్కా... నేనే." తడి చేతిని కొంగుకు తుడుచుకుంది. "చేతికి ఎట్ల ఉండాది? మందు పూసినావా? తిన్నావా?"

మాట్లాడుతూ మాట్లాడుతూ మళ్ళీ చేను వైపు నడిచిపోయింది. నేను లేచి చెప్పులు వేసుకోబోయాను.

"కూర్చోప్పా" అంది వాళ్ళ అత్త. "దానికి చెప్పి పోదువు గానీ. అది ఇప్పట్లో రాదు."