పోయే దారి, వచ్చే దారి

మ్యాపు మేడమ్ అంటే కాలేజీలో తెలియనివాళ్లు లేరు. పిల్లలకు కంప్యూటర్ మ్యాపులు గీయడం నేర్పేది ఆవిడే, సందు మారితే దారి తప్పేదీ ఆవిడే. పెళ్లయి ఇన్నేళ్లయినా పుట్టింటికి దారి తననే అడుగుతుందని భర్త ఆటపట్టిస్తాడు. దారులు గుర్తుండవు కాబట్టే మ్యాపులంటే అంత మమకారమని ఆవిడ ఒప్పేసుకుంటుంది కూడా.

ఆవిడ క్లాసుకు ఒక పద్ధతి ఉంది. ఉత్తుత్తి మ్యాపులు గీయించదు. ఏటా ఊళ్లో ఏదో ఒక సంఘం దగ్గరికి విద్యార్థుల్ని తీసుకెళ్లి, మీకు ఏ మ్యాపు కావాలని అడిగిస్తుంది. సంఘంవాళ్లు దాన్ని వాడి చూసి బాగుందంటేనే మార్కులు. వాళ్లు వాడేటప్పుడు ఎవరూ నోరు మెదపకూడదు, చెయ్యి వేయకూడదు.

ఈ ఏడాది చక్రాల కుర్చీ వాడేవాళ్ల సంఘం వంతు. దాని అధ్యక్షురాలు బట్టలు కుడుతుంది. మాట కత్తెరంత పదును. దుకాణం నుంచి లైబ్రరీకి ఒక్కర్తే వెళ్లి రావాలని ఆవిడ కోరిక. ఇన్నాళ్లూ అన్నయ్య కుర్చీ తోస్తేనే బయటికి రావడం. అన్నయ్య బంగారంలాంటి మనిషే, కానీ పుస్తకం అట్ట తిప్పేలోపే పోదాం పోదాం అని ప్రాణం తీస్తాడు.

"మెట్లు లేని దారి చూపించండి చాలు. మిగతాది నా చేతులు చూసుకుంటాయి," అంది ఆవిడ.

ఆ మాటతో మేడమ్‌కి ఆవిడ భలే నచ్చేసింది.

విద్యార్థులు వీధులన్నీ గాలించారు. కాలిబాటల వెడల్పు, గుంతలు, మెట్లు, అన్నీ ఫోన్లలో ఎక్కించారు. పచ్చగీత ఉంటే హాయిగా పోవచ్చు, ఎర్రగీత ఉంటే వద్దు.

పరీక్ష రోజు అధ్యక్షురాలు పచ్చగీత పట్టుకుని ముందు, క్లాసంతా వెనక. లైబ్రరీకి ఇట్టే చేరి, తీరిగ్గా పుస్తకాలు ఎంచుకుంది. పిల్లలు మార్కులు వచ్చేసినట్టే మురిసిపోయారు. తిరుగు ప్రయాణంలో కుర్చీ సగం వీధిలో మొరాయించింది. ఎంత తోసుకున్నా చక్రాలు వెనక్కే. తీరా ఆరా తీస్తే, కాలేజీ బస్సు రోజూ మిట్ట మీద, దుకాణం దగ్గరే దింపేదట. అందరూ అక్కడి నుంచి కిందికి నడుస్తూనే కొలిచారు. మళ్లీ ఎక్కాలన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. మ్యాపు దిద్దిన మేడమ్‌కీ తట్టలేదు.

ఆవిడ తన నియమం తానే మరిచి కుర్చీ మీద చెయ్యి వేయబోయింది. అధ్యక్షురాలు బ్రేకు వేసి వెనక్కి చూసింది.

"తోయించుకోవాలంటే మా అన్నయ్య లేడా? మీ మ్యాపెందుకు?"

మేడమ్ చేతులు కట్టుకుంది. సిగ్గుతో ఏడుపొక్కటే తక్కువ. ఇక నడివీధిలోనే క్లాసు మొదలైంది. పిల్లలు పక్క వీధుల్లోకి పరుగెత్తి, ఈసారి ఎదురెక్కుతూ కొలిచారు. అధ్యక్షురాలు గోడ నీడకు జరిగి పుస్తకం తెరిచింది. తొందరేమీ లేదని, కథ మంచి పట్టులో ఉందని కబురు పెట్టేసరికి అందరికీ నవ్వొచ్చింది. చివరికి గోదాముల వెనక చుట్టుదారి దొరికింది. దూరం ఎక్కువే, ఎత్తు మాత్రం కొంచెం కొంచెంగా. ఆవిడ చెమటలు కక్కుతూ, ఎవరి చెయ్యీ పడకుండా దుకాణం చేరింది. మేడమ్‌కి కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు కూడా.

వారం తిరక్కుండా అన్నయ్య ఫోన్ చేశాడు. బట్టల కోసం వచ్చినవాళ్లు దుకాణంలో కూర్చున్నారట. చెల్లెలు పొద్దుననగా వెళ్లిందట, ఎక్కడున్నావంటే వస్తాలే అని పెట్టేసిందట.

"మా చెల్లెలు ఎక్కడుందో మీ మ్యాపులో కనబడుతుందా మేడమ్?"

"కనబడదండీ," అంది మేడమ్ ఆనందం ఆపుకోలేక. "అది తనొచ్చి చెబితేనే తెలియాలి."