బాపు మీది శని, అమ్మ చేతి పెనం

మా ఇంట్లో ఏం చెడినా పూచీ శనిదే. బండి పంక్చరైతే శని, పప్పు మాడితే శని. మన జట్టు మ్యాచ్ ఓడినా మా బాపు జాతకంలోని శనే. పదకొండు మంది ఆటగాళ్లకు ఏ పాపమూ తెలియదు.

షామీర్‌పేటలో ఒక పంతులు బాపు రాశి చూసి ఏల్నాటి శని పట్టిందని, ఏడున్నరేళ్లు ఉంటుందని చెప్పాడట. అప్పటి నుంచి ప్రతి శనివారం నువ్వుల నూనె దీపం. మిగతా రోజులు గౌడవెల్లి నుంచి దూలపల్లి ఫ్యాక్టరీకి బండి మీద వెళ్తూ, శని వెనక సీట్లో కూర్చున్నంత జాగ్రత్తగా నడిపేవాడు.

అసలు ఇబ్బంది అమ్మది. మేడ్చల్ రోడ్డు మీద టిఫిన్ సెంటర్ పెట్టాలని ఆమె కోరిక. దోసెల పెనం ఎప్పుడో కొని, గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టింది. కొత్త పనులన్నీ శని పోయాకే అని బాపు పట్టు. పెనం పాపం, ఏ రాశిలో పుట్టిందో గానీ, దానికీ ఏల్నాటి శనే.

ఇంతలో ఆ రోడ్డు మీదే ఒక షెట్టరు, అంటే దుకాణం గది, ఖాళీ అయింది. నెలాఖరులోగా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఫోన్లు బాగుచేసే అతనికి ఇచ్చేస్తానని ఓనర్ చెప్పాడు.

"ఇగ మూడు నెలలే ఉన్నదే. ఇన్నేండ్లు ఆగినవ్, గింత ఆగలేవా?" అన్నాడు బాపు.

"నేను ఆగుత. షెట్టరు ఆగుతదా?" అని అమ్మ వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి గిన్నెల చప్పుడు మొదలైంది. మా ఇంట్లో అది అధికారిక ప్రకటన.

నేను డిగ్రీలో ఖగోళశాస్త్రం చదువుతున్నాను. ఆ చదువు ఇంటికి ఇప్పటిదాకా ఒక్క దోసె కూడా తెచ్చిపెట్టలేదు కాబట్టి, ఇదే అదను అనుకుని అమ్మ తరఫు వకీలుగా దిగాను.

"బాపూ, ఏడున్నరేండ్లంటే ఏ ఏండ్లు?"

"ఏ ఏండ్లేంది? ఏండ్లంటే ఏండ్లే."

కావని చెప్పాను. ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్కలకు వాడే సంవత్సరం మూడు వందల అరవై ఐదుంబావు రోజులు. పంచాంగంలో పన్నెండు చాంద్రమాసాలు కలిపితే మూడు వందల యాభై నాలుగే. ఇక సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి శనికి మన రోజులు పదివేల ఏడు వందలు దాటి పడతాయి. మన ఏడున్నరేళ్లు ఆయనకు పావు సంవత్సరం.

బాపు ముఖం చిన్నబోయింది. "అంటే ఆయనకు నేను మూడు నెలల పనేనా?"

ఇన్నేళ్ల బాధ కన్నా ఈ అవమానమే ఎక్కువైనట్టుంది. ఓదార్చే తీరిక లేక అసలు పాయింటుకు వచ్చాను. "శనిని జెప్పింది పంచాంగం. గప్పుడు రోజులు గూడ పంచాంగం లెక్కనే పట్టాలె. ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఏడున్నరేండ్లకు ఎనభై దాటుతయ్. నీకు మిగిలింది ఇంకో వారం, అంతే."

వంటింట్లో గిన్నెలు ఆగిపోయాయి. బాపు ముఖం వెలిగింది. ఆ వెలుగులోనే ఒకసారి తన చొక్కా వైపు చూసుకుని ఆరిపోయాడు.

"మరి అధిక మాసాలో?"

అడగడనుకున్నాను. చంద్రుడి లెక్క వెనకబడినప్పుడల్లా పంచాంగం ఒక నెల అదనంగా కలిపి సరిచేస్తుంది. ఆ నెలలో అత్తగారింట్లో అల్లుడిని పిలిచి కొత్త బట్టలు పెడతారు. బాపు ఏది మరిచినా దాన్ని మరవడు. వేళ్లు మడిచాడు. "నీలం చొక్క, గీతల చొక్క, ఇగ గిది. మూడు చొక్కలు, మూడు నెలలు. నీ లెక్క నా బీరువాల ఉన్నది బిడ్డా."

నేను చదివిన సెమిస్టర్లన్నీ మూడు చొక్కాల ముందు ఓడిపోయాయి.

అప్పుడు అమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. "శని నడుస్తుంటెనే నీకు మూడు జతల బట్టలొచ్చినయా?"

"ఆఁ."

"ఎవలింటికెల్లి?"

"మీ ఇంటికెల్లే."

"మా అమ్మ పెడితే శని అడ్డం రాలే గద? అంటే మా దిక్కుకెల్లి వచ్చేదాని జోలికి ఆయన రాడు. షెట్టరు నా పేరు మీద తీస్కుంట. నువ్వు మూడు నెలలు లోపటికి రాకు. శని నీతోటి బయటనే ఉంటడు."

బాపు ఆ వాదనలో బొక్క కోసం చాలాసేపు వెతికాడు. నేనూ వెతికాను, దొరకలేదు. మర్నాడు అమ్మ అడ్వాన్స్ ఇచ్చొచ్చింది.

ఆ మూడు నెలలూ బాపు ఫ్యాక్టరీకి పోతూ రోడ్డుకు అవతలే బండి ఆపేవాడు. అక్కడి నుంచే "రెండు ఇడ్లీ, సట్నీ ఎక్కువెయ్యి!" అని కేక. లారీల మధ్య ప్లేటు పట్టుకుని దాటేది నేను. గ్రహాల మధ్య ప్రయాణం ఎంత కష్టమో మా సిలబస్‌లో సరిగా చెప్పలేదు. ఎందుకు అక్కడే నిలబడ్డాడని ఎవరైనా అడిగితే, అమ్మ దోసె తిప్పుతూ, "ఆయనకు తోడు ఉన్నరులే" అనేది.

చివరికి గడువు తీరింది. బాపు తలంటుకుని, అధిక మాసం చొక్కా వేసుకుని, రోడ్డు దాటి, కుడికాలు లోపల పెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. అమ్మ పెనం మీద పిండి పోసింది. గ్యాస్ అయిపోయింది.

బాపు సగం లేచాడు.

"కూసో," అంది అమ్మ, వెనక్కి తిరగకుండానే. "గది శని గాదు. సిలిండర్ తెమ్మని నిన్న జెప్పిన. మర్సిపోయింది నువ్వు."

బాపు మెల్లగా కూర్చున్నాడు. ఇన్నేళ్లలో మొదటిసారి, తప్పు మోపడానికి ఆయన దగ్గర ఒక్క గ్రహం కూడా మిగల్లేదు. అటూ ఇటూ చూసి, చూపు నా మీద ఆపాడు.

"నీకన్న యాదికుండద్దా?"