వచ్చిన పనికే ట్రైనింగు

ఎమ్మిగనూరులో జాబ్ మేళా అంటే మా ఆయన వెంట నేను కూడా పోయాను. మొగుడి ఉద్యోగానికి పెళ్లాం తోడు పోవడమేమిటని వీధిలో నవ్వుకున్నారు. నవ్వనీ. అంతకుముందు మా ఊరు ఆదోనిలోనే మేళా పెడితే, ఒక్కడినే పంపినందుకు బస్టాండులో టీ తాగి, "జనం శానా ఉండారు" అని తిరిగొచ్చిన మహానుభావుడు ఆయన. అందుకే ఆ రోజు కుట్టాల్సిన బ్లౌజులన్నీ పక్కన పడేసి, కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి బస్సెక్కాను.

ఆదోనిలో ఆయన పనిచేసిన జిన్నింగ్ మిల్లు మూతపడి అప్పటికి నాలుగేళ్లు. పత్తి నుంచి గింజ వేరుచేసే ఆ మిషన్ల దగ్గరే ఆయన వయసంతా గడిచింది. మొదట్లో ఇంకో నాలుగు మిల్లుల గేట్ల దగ్గర నిలబడ్డాడు. తర్వాత అడగడమే మానేశాడు. రానురాను మాట తగ్గింది. చుట్టాలొస్తే వెనకగదిలోకి పోయి పడుకునేవాడు. జీతం సంగతి తర్వాత, ముందు ఆ మనిషి నలుగురిలో తిరగాలి అన్నదే నా పోరు.

మేళా కాలేజీలో పెట్టారు. ఒక టేబుల్ దగ్గర జిన్నింగ్ మిల్లు మేనేజరొకడు కూర్చుని ఉన్నాడు. వాళ్లకు కావాల్సింది మిషన్ ఆపరేటర్లే. దేవుడే పంపాడనుకున్నాను.

"ఏం పని వచ్చు?" అని అడిగాడు మేనేజరు.

మా ఆయన చేతులు కట్టుకుని, "నాకేమొస్తాది సార్. ఏదో మీరు సూపిస్తే సేస్తా" అన్నాడు.

మా వైపు అది మర్యాద. పెద్దల ముందు నాకు పని వచ్చు అంటే ఎంత పొగరో అనుకుంటారు. పాత మిల్లు సేటు దగ్గర కూడా ఈ మాట చెప్పే చేరాడు. అన్నీ వచ్చినవాడే ఏమీ రాదంటాడని ఆ సేటుకు తెలుసు. ఈ మేనేజరు ఎక్కడి నుంచి వచ్చాడో ఏమో, అనుభవం లేదని రాసుకుని తర్వాతివాణ్ణి పిలిచాడు.

నేను ఆగలేక ముందుకు పోయాను. "అంతా వచ్చు సార్ ఈయనకు. ఆ మిల్లు నడిసిందే ఈయన సేతి మీద" అన్నాను.

"ఇంటర్వ్యూ ఆయనకా అమ్మా, నీకా? ఆయన్నే చెప్పమను" అన్నాడు మేనేజరు.

మా ఆయన నేల చూసుకుంటూ, "ఆడోళ్లు అట్లనే అంటారు సార్" అన్నాడు.

నాకు అక్కడే తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పక్కనున్న ఉపాధి ఆఫీసాయన జాలిపడి, అనుభవం లేనివాళ్ల కోసం సర్కారు ఉచితంగా మూడు నెలల ట్రైనింగు ఇస్తోందని, అదీ ఎమ్మిగనూరులోనే అని చెప్పి ఆయన పేరు రాసుకున్నాడు. ఏ పనిలో ట్రైనింగు అంటారా? జిన్నింగ్ మిషన్ నడపడంలో. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

బస్సులో ఆదోని దాకా దులిపేశాను. "అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయప్ప నోరు తెరిసి అడిగినా నీకు సెప్పేకి రాలేదే" అన్నాను.

"మన గురించి మనమే సెప్పుకుంటే బాగుంటాదా?" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. ఈ మనిషితో ఏగడం ఆ దేవుడి తరం కూడా కాదు.

ట్రైనింగుకు మాత్రం ఒక్క రోజు కూడా తప్పకుండా పోయాడు. మొదట్లో ఒక మేడమ్ వచ్చి, నవ్వుతూ షేక్‌హ్యాండ్ ఎలా ఇవ్వాలో నేర్పిందట. తర్వాత గోడకు బొమ్మ తగిలించి మిషన్ భాగాలు చూపించారట. ఉన్న ఒక్క మిషన్‌కు ఇంకా కరెంటు కనెక్షన్ రాలేదట. సాయంత్రం రాగానే ఈ రోజు ఏం నేర్పారని అడిగేదాన్ని. "స్విచ్ యాడుంటాదో సెప్పినారు" అనేవాడు నిమ్మళంగా. నా ఒళ్లు మండిపోయేది. అయితే రోజూ గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. చొక్కాకు ఇస్త్రీ ఉండాలి. ట్రైనింగుకు గోనెగండ్ల నుంచి వచ్చే స్నేహితుడికి చెనిక్కాయ పొడి ఇష్టమని, టిఫిన్ డబ్బాలో ఇంకో రెండు జొన్నరొట్టెలు పెట్టమనేవాడు. ఇవన్నీ నేను చూస్తూనే ఉన్నాను గానీ కోపం మాత్రం తగ్గలేదు.

ఒక ఆదివారం ఆ గోనెగండ్ల ఆయన మా ఇంటికి వచ్చాడు. ఉగ్గాని తింటూ మాటల మధ్యలో అసలు సంగతి బయటపెట్టాడు. "మొన్న సార్ అడిగినాడు వదినా. ఇంతకుముందు మిల్లులో సేసినోళ్లు ఎవరన్నా ఉంటే సెయ్యెత్తండి, రేపే పనిలో పెట్టిస్తానన్నాడు. అన్న ఎత్తలే."

వచ్చినాయన గడప దాటేదాకా ఓపిక పట్టాను. తర్వాత మా ఆయన ముందు నిలబడ్డాను.

"ఈ తూరి ఏం మర్యాద అడ్డమొచ్చింది నీకు? కూడు తినే సెయ్యే కదా, పైకి లేయలేదా?"

మెల్లగా అన్నాడు. "పనిలో సేరితే ఆ మిల్లు ఎన్నాళ్లుంటాదో. అది గూడా మూస్తే మళ్లా ఈడే కూసోవాల. ట్రైనింగులో అయితే పొద్దున్నే సార్ హాజరు పిలుస్తాడు. నా పేరు పిలిస్తే, ఉండాను సార్ అంటా. పాత మిల్లు మూసినాంక నన్ను పేరు పెట్టి పిలిసినోళ్లే లేరు మే."

తిడదామనే నోరు తెరిచాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఆయన పేరు ఒక్కసారి కూడా పలకలేదు. మా వైపు ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు.