ముందే పంచేసిన అడుగుల అరిసెలు

మా పాప బోర్లా పడినప్పుడు బొబ్బట్లు పంచాం. గడప దాటినప్పుడు గారెలు పంచాం. మా ఇళ్ళల్లో పిల్లలు ఎదుగుతున్నారంటే పొయ్యి మీద మూకుడు ఎక్కాల్సిందే. ఇక మిగిలింది అరిసెలు. నడక వచ్చిన పిల్ల చేత అరిసెల మీద అడుగులు వేయించి, వాటిని ఇంటింటికీ పంచాలి. మా పాపకి మాత్రం ఆ తొందరేమీ లేదు. ఏడాదిన్నర నిండబోతున్నా మోకాళ్ళ మీదే రాజ్యం ఏలుతోంది. దువ్వాడలో మేమున్న ఫ్లాటు బాల్కనీ పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ ఫ్యాక్టరీల నల్లటి దుమ్ము పేరుకుంటుంది. ఆ దుమ్మునంతా హాల్లోకి చేరవేసే బాధ్యత పాప మోకాళ్ళు తీసుకున్నాయి.

ఈలోగా నాకు ఏడో నెల వచ్చింది. లోపలున్న బిడ్డ ఎదుగుదల సంగతి నా ఫోన్ చూసుకుంటోంది. వారం వారం ఓ పండు పేరు చెబుతుంది. ఆమధ్య ఓసారి, ఈ వారం మీ బిడ్డ అవకాడో అంత ఉంది అని చెప్పింది. మా రైతుబజారులో ఆ పండు నేనెప్పుడూ చూడలేదు. బిడ్డ సంగతి పక్కన పెట్టి, ఆ పండు ఎంత ఉంటుందో మా ఆయన అరగంట వెతికాడు.

బయటున్నదాని ఎదుగుదల సంగతి అపార్ట్‌మెంటంతా చూసుకుంటోంది. కింది ఫ్లాటు ఆవిడ మనవడు తొమ్మిదో నెలలోనే పరుగెత్తాడట. ఇంకో నెల పోయాక అడిగితే ఎనిమిదో నెలలోనే అంటుంది. మా అత్తగారికైతే దీని వెనకున్న కారణం ముందే తెలుసు.

"కడుపులో ఇంకో పిల్ల పడ్డాదని దీనికి తెలిసిపోనాది. వొంగోని కాళ్ళ సందులోంచి సూసినాదా నేదా? ఆరోజే నాను సెప్పినాను" అనేవారు.

పిల్ల అలా వంగి వెనక్కి చూస్తే తల్లికి మళ్ళీ కడుపని ఆవిడ నమ్మకం. ఇంట్లోనే ఇంత మంచి పరికరం ఉండగా నేను అనవసరంగా స్కానింగ్‌కి వెళ్ళాను.

సీతమ్మధారలో పిల్లల డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ పాప కాళ్ళు వంచి, చాపి, నిలబెట్టి చూసి, "ఇంకో నెల చూద్దాం. అప్పటికీ నడవకపోతే పరీక్షలు చేయిద్దాం" అంది, వానొస్తే గొడుగు తీద్దాం అన్నంత తేలిగ్గా. ఆ పరీక్షలన్న మాట నాతోపాటు బస్సెక్కి ఇంటికొచ్చింది. నన్ను చూసే డాక్టరమ్మది ఇంకో మాట. బరువులెత్తకూడదట. ఆవిడ దృష్టిలో బరువంటే నీళ్ళ బకెట్టు కాబోలు. మా ఇంట్లో బరువు రెండు చేతులూ పైకి చాపి "ఎక్కా" అని అడుగుతుంది. నడవని పిల్లని ఎత్తుకోకుండా పెంచడం ఎలాగో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

"అమ్మ బొజ్జలో పాపాయి ఉంది కదా, ఎత్తుకోకూడదమ్మా" అని ప్రతిసారీ చెప్పేదాన్ని. పాప నా బొజ్జ వైపు చూసేది. ఈలోపు అత్తగారొచ్చి చంకన వేసుకుని వెళ్ళిపోయేవారు. నా కోసం చాపిన చేతులు వేరే మెడ చుట్టూ పడుతుంటే నాకు ఏడుపు తన్నుకొచ్చేది. కడుపుతో ఉన్నప్పుడు అలాగే ఉంటుందిలే అని ఇంట్లోవాళ్ళు తేల్చేశారు. కడుపుతో ఉన్న మనిషి ఏడుపుకి ఇంకే కారణమూ ఉండకూడదు మరి.

ఒక ఆదివారం హాల్లోంచి అత్తగారి కేక వినబడింది.

"ఓలమ్మో! నడిసీసినాది! పిల్ల నడిసీసినాది!"

నేను చేతనైనంత వేగంగా వెళ్ళాను. అప్పటికే పాప నేల మీద కూర్చుని ఉంది. చేతిలో కర్టెన్ ఉంది, పైన రాడ్ లేదు. ఇది కర్టెన్ పట్టుకుని అడుగు వేసిందో, ఊడిపోతూ కర్టెనే దీన్ని లాక్కొచ్చిందో దేవుడికే తెలియాలి.

"అత్తయ్యా, రెండ్రోజులు చూద్దామండీ" అన్నాను.

"ఏటి సూసీది? నా కళ్ళతో నాను సూసినాను. రేపు నీకు పురుడొస్తే అరిసెలెవులు వండుతారు?"

సాయంత్రానికి బియ్యం నానిపోతున్నాయి. బియ్యం నానబోశాక మా అత్తగారిని ఆపడం ఎవరి తరమూ కాదు. తడిపిండి ఆగదు, పాకం ఆగదు, ఆగగలిగింది పిల్ల ఒక్కతే. మర్నాడు పరవాడ మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన మా ఆయన చేతికి తెడ్డు ఇచ్చారు.

"అమ్మా, నిజంగా నడిసిందేటి?" అని అడిగాడు పాపం.

"ముందు కలుపు. పాకం ముదిరిపోతాది."

అరిసెలు ఆరాక తెల్లటి పంచె మీద వరసగా పేర్చారు. అత్తగారు ఓ రెక్క, మా ఆయన ఓ రెక్క పట్టుకుని పాపని వాటి మీద దించారు. అది కాసేపు వేలాడి, మధ్యలో ఓ అరిసె మీద చతికిలబడి, పక్కదాన్ని తీసి కొరికింది. అరికాళ్ళు తగిలాయి కాబట్టి అడుగులు పడినట్టేనని అత్తగారు తీర్మానించారు. గంటలో అన్ని ఫ్లాట్లకీ అరిసెలు వెళ్ళిపోయాయి.

సాయంత్రం ఆడవాళ్ళంతా నడిచిన పిల్లని చూడటానికి వచ్చారు. అంతమందిని చూసిన సంబరంలో పాప వాళ్ళ కాళ్ళ దగ్గరికి దూసుకెళ్ళింది, నాలుగు కాళ్ళ మీద.

"పాకతందేటి?" అంది కింది ఫ్లాటు ఆవిడ, నోట్లో అరిసె ఉండగానే.

"ఇయ్యాల దాని మనసు బాగోనేదు" అన్నారు మా అత్తగారు, రెప్ప వేయకుండా.

ఆరోజు నుంచీ లిఫ్టులో, మెట్ల మీద, చెత్తబుట్ట దగ్గర ఒకటే ప్రశ్న: నడిచిందా? అరిసె తిన్నవాళ్ళకి అడిగే హక్కుంటుంది కదా. అందరికీ నవ్వుతూ జవాబు చెప్పి, ఇంట్లోకొచ్చి పాప పాదాలు ఒళ్ళో పెట్టుకుని చూసేదాన్ని. నాకు భయంగా ఉండేది. ఇది నిజంగా నడవకపోతే? నడవకుండానే రెండోది పుట్టి నా చేతులు రెండూ ఆక్రమించేస్తే, అమ్మ నన్ను దించేసిందని ఇది అనుకోదా?

డాక్టరమ్మ చెప్పిన నెల గడువు దగ్గర పడింది. ఓ మధ్యాహ్నం అత్తగారు మేడ మీద బట్టలు ఆరేస్తున్నారు. నేను నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పాప పురిటినాటి జుబ్బాలు పుట్టబోయే బిడ్డ కోసం మడతపెడుతున్నాను. పాప కుర్చీ పట్టుకుని నిలబడింది. కాసేపు నన్ను చూసింది. తర్వాత కుర్చీ వదిలేసింది. నల్లటి మోకాళ్ళు వంకరటింకరగా కదుపుతూ, పొట్ట ముందుకు పెట్టుకుని, ఏమీ పట్టుకోకుండా, నా వైపు నడిచి వచ్చింది.

ఇప్పుడు చేతులు చాపుతుంది, ఎక్కా అంటుంది అనుకున్నాను. అలవాటు కొద్దీ ఎత్తుకోకూడదమ్మా అన్న జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది. కానీ అది చేతులు చాపలేదు. నా బొజ్జ మీద చెయ్యి వేసి, "పాపాయి" అని నాకే చెప్పి, మళ్ళీ కుర్చీ వైపు తిరిగింది.

ఎత్తుకోమని అడగకూడదన్న పాఠం మా పాప నడక కంటే ముందే నేర్చేసుకుంది. నేర్పింది నేనే.

"అమ్మ దగ్గర ఎక్కుతావా?" అన్నాను. నమ్మనట్టు చూసింది. దగ్గరికి లాక్కుని, బొజ్జ పక్కన మిగిలిన కాస్త ఒళ్ళో ఇరికించుకున్నాను. లోపలున్నది ఓ తన్ను తన్నింది. ఇది తన నల్లటి మోకాళ్ళు నా చీరకి తుడిచింది. నాకు ఏడుపు ఆగలేదు.

అత్తగారు ఖాళీ బకెట్టుతో దిగొచ్చారు. "ఏటైనాది? ఎందుకేడుత్తన్నావ్?"

"ఏం లేదత్తయ్యా. కడుపుతో ఉన్నాను కదా."

నడిచిందని చెబితే ఆవిడ బకెట్టు కింద పెట్టకముందే మళ్ళీ బియ్యం నానబోస్తారు. అపార్ట్‌మెంటంతా వచ్చి దీన్ని నా ఒళ్ళోంచి దించి నడిపిస్తారు. అందుకే ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం దాకా మా పాపకి ఇంకా నడక రాలేదు.