అవుట్‌హౌసు ఖాళీ అయిన రోజు

ఈ రోజు నా ఆనందానికి హద్దు లేదండి బాబూ. ఓల్డ్ సెటిల్‌మెంటనే ఈ రైల్వే కాలనీలో మేం ఇన్నేళ్లుగా ఉంటున్న రైల్వే క్వార్టరు, నా రిటైర్మెంటుతో పోతాదనుకున్నది, మా అబ్బాయి పేరున మారింది. ఉన్న ఇంట్లోనే మళ్లీ పాలు పొంగించినాం.

అయితే క్వార్టరులో ఎవరికైనా గది అద్దెకిచ్చి ఉంటే ఆ మార్పు చెల్లదని కోర్టు కొత్తగా చెప్పిందట. రేపు ఇన్‌స్పెక్టరు చూడ్డానికొస్తాడు. మా వెనక అవుట్‌హౌసులో అద్దెకున్న బెంగాలీ దర్జీ నిమాయ్ దాదా బట్టలు కుడతాడు, ఇద్దరు ఆడపిల్లలకి పనిచ్చినాడు. నేను పాయసం పట్టుకెళ్లేసరికి కుట్టు మిషన్లు రిక్షాలోకి ఎక్కిస్తన్నాడు.

"తిని వెళ్లు దాదా" అన్నాను.

"ఉండు దాదా, మీ కోడలు కుట్టమన్న తెర ముందు తగిలించనీ" అని మా పెరటి గుమ్మానికి తనే కట్టినాడు.

"ఊళ్లో ఆ ఇందా పేటలో గది దొరికినాదా?"

"దుకాణం కోసం అంటే ఎవరూ ఇవ్వరు. ఒకసారి అద్దెకి దిగినోణ్ని చట్టం ఖాళీ చేయించనివ్వదని ఇంటోళ్ల భయం. ఇంట్లో ఒక్క మిషనుకే చోటుంది."

"మరి ఈ పిల్లలో?"

"రేపట్నుంచి రావద్దన్నాను."

ఆ పిల్లలే గదంతా ఊడ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టినారు. పాయసం తిని, చాలా బాగుంది తాతా అన్నారు.

ఇల్లు నిలబడింది, నాకు సంతోషమే. ఆ తెర తీసి పెరట్లోకి చూడ్డానికి మాత్రం పొద్దుటి నుంచి చెయ్యి రావట్లేదు. మీరైతే చూడగలరా, చెప్పండి.