గుమ్మం దగ్గర విప్పిన జోళ్ళు

దోహాలో మా మేనేజరు ఇంగ్లీషాయన. నడక ఆయనకి వ్యాయామం కాదు, దాదాపు మతం. సెలవుకి స్వదేశం వెళ్ళినా ఇంట్లో కూర్చోడు. వీపుకి సంచీ తగిలించుకుని, చేతిలో మ్యాపు పట్టుకుని, ఊరి నుంచి ఊరికి పొలాల మీదుగా నడుస్తూ దారిలో కనిపించిన ప్రతి పాత చర్చిలోకీ ఒకసారి వెళ్ళి వస్తాడు. కంపెనీ నన్ను రెండు వారాల ట్రైనింగుకి ఇంగ్లండు పంపినప్పుడు ఆయన సెలవు మీద అక్కడే ఉన్నాడు. ఆదివారం పూట హోటల్లో ఒంటరిగా ఉంటే నేను ఏమైపోతానో అనుకున్నాడు కాబోలు, తనతో నడకకి తీసుకెళ్ళాడు. పదకొండు మైళ్ళు. ఆ సంగతి ముందు చెప్పలేదు.

ఎవరిదో గోధుమ చేను మధ్యలోంచి నడిచాం. రైతు కర్ర పట్టుకుని వస్తాడేమోనని నేను రెండుమూడు సార్లు వెనక్కి చూసుకున్నాను. చేను రైతుదేగానీ అందులో కాలిబాట మాత్రం జనానిదట. గేటు తీసినవాడు మళ్ళీ వెయ్యాలి, అంతవరకే షరతు. మూడో ఊళ్ళో చిన్న రాతి చర్చి కనిపించింది. చుట్టూ సమాధిరాళ్ళు, ఎంతకీ రాని బస్సు కోసం నిలబడ్డవాళ్ళలా తలోవైపు వాలి ఉన్నాయి. చర్చి ముందు వసారాలో బురద బూట్లు ఇక్కడే విప్పండి అని చిన్న బోర్డు. దాని కింద ఐదు జతల బూట్లు. లోపల మేజోళ్ళతో ఐదుగురు మనుషులు.

జోళ్ళతో మందిరంలో, అంటే మా చర్చిలో, అడుగుపెడితే వీపు మోగే ఊళ్ళో పెరిగినవాణ్ణి నేను. దొరలు బూట్లతోనే ప్రార్థనకి వెళ్తారని చిన్నప్పుడు విని కాస్త బాధపడ్డాను కూడా. ఆ ఐదు జతలూ చూడగానే ఎందుకో మనసు కుదుటపడింది. రాత్రి ఫోన్లో మా మావగారికి అదే చెప్పాను, వాళ్ళూ గుమ్మం దగ్గర విప్పుతారండీ అని. అది భక్తి వల్ల కాదు, బురద వల్ల. ఆ ముక్క చెప్పలేదు. చెబితే కథలో రుచి పోతుందనిపించింది.

మావగారు కోనసీమలో కాలవ గట్టు మీద ఉన్న మిషన్ స్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్ఫై ఏళ్ళుగా సంఘ పెద్ద కూడా. నేను చెప్పిన సంగతిని ఆ వచ్చే ఆదివారమే మందిరంలో ప్రకటనల తరవాత అందరికీ వినిపించారట.

ఆ మరుసటి ఏడాది చలికాలంలో మూడు నెలల విజిట్ వీసా మీద ఆయన దోహా వచ్చారు. మా ఫ్లాటు అల్ ముంతజాలో. మా ఆవిడ నర్సు. నేను రోజూ కంపెనీ బస్సులో రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటుకి వెళ్ళి కాగితాలు చూసుకునేవాణ్ణి. ఎవరు ఏ తనిఖీ చేశారు, దాని కింద సంతకం ఉందా లేదా అని చూసి భద్రం చెయ్యడం నా పని. తనిఖీ చెయ్యకుండానే సంతకం పెట్టేవాళ్ళు కొందరు ఉంటారు. వాళ్ళని పట్టుకోవడం కూడా నా పనే. దీన్ని కాస్త గుర్తుంచుకోండి.

మావగారికి ఇరవై ఏళ్ళుగా షుగరు. పాదాలకి స్పర్శ పోయింది. మేకు దిగినా ఆయనకి తెలీదు, చూస్తేనే తెలుస్తుంది, అందుకని రోజూ చూడాలి అని మా ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది, రెండోసారి నెమ్మదిగా. పాత చెప్పులు తీయించి మెత్తటి బూట్లు కొంది. రోజూ సాయంత్రం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వేళ్ళ సందుల్లో టార్చి వేసి, మడమ కింద అద్దం పెట్టి చూసేది. చూసి ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి రాసేది. ఆవిడకి సాయంత్రం డ్యూటీ పడిన రోజుల్లో ఆ పని నాది.

ఇక్కడే చిక్కు వచ్చింది. అల్లుడు తన కాళ్ళు పట్టుకోవడం మావగారికి బొత్తిగా ఇష్టం లేదు. మామ అల్లుడి కాళ్ళు కడగడం లోకంలో ఉంది గానీ ఇది ఎక్కడా లేదు కదా బాబూ అనేవారు. మా పెళ్ళి చర్చిలో జరిగింది కాబట్టి ఆయన నా కాళ్ళు కడగలేదనీ, లెక్క ప్రకారం ఎవరికీ ఏ అభ్యంతరం ఉండనక్కర్లేదనీ నేను వాదించి చూశాను. హెడ్మాస్టర్లతో వాదన ఎప్పుడూ గెలవలేదు నేను. చివరికి ఒక పద్ధతి కుదిరింది. ఆయన పడగ్గది గుమ్మంలో నిలబడి పంచె రెండంగుళాలు పైకెత్తి, “బానే ఉన్నాయండీ” అనేవారు. నేను సోఫాలోంచి కదలకుండా పుస్తకంలో ‘బాగున్నాయి’ అని రాసేవాణ్ణి. కింద సంతకం కూడా పెట్టేవాణ్ణి, వృత్తి అలవాటు.

మా మేనేజరుకి ఖతర్లో గోధుమ చేలూ చర్చిలూ దొరకవు. అందుకని నెలకో శనివారం ఉత్తరాన సముద్రం ఒడ్డున జనం వదిలేసి వెళ్ళిన పాత జాలరి పల్లెల్లో నడుస్తాడు. ఈ సంగతి వినగానే మావగారు వస్తానని పట్టుబట్టారు. ఇంగ్లండు ఎలాగూ చూడలేను, కనీసం దొరగారితో కలిసి నాలుగడుగులు నడుస్తాను అన్నారు. మా ఆవిడ ఆ వారమంతా సాయంత్రం డ్యూటీల్లో ఉంది, శనివారం పగలు కూడా డ్యూటీయే. వెళ్ళేముందు నన్ను వంటింట్లోకి పిలిచింది.

“నాన్న బూట్లు విప్పకూడదు. ఇసకలో కూడా. మీకు అర్థమయిందా?”

అర్థమయిందన్నాను. వ్యాన్లో మావగారికి చెప్పాను కూడా. అయితే అల్లుడు మావగారికి చెప్పే పద్ధతిలో, బూట్లు ఉంచుకుంటే మంచిదేమో చూడండి అన్నాను. ఆయన తప్పకుండా చూస్తానన్నారు.

వ్యాన్ నడిపినాయన జగిత్యాల వైపు మనిషి, నలభై దాటినవాడు. ఇండస్ట్రియల్ ఏరియాలో కూలీల క్యాంపులో ఉంటాడు. మాట తక్కువ. గంటన్నర దారిలో ఒక్కటే అడిగాడు, ఆ ఊళ్ళో చూడనీకి ఏమున్నది అని. ఎవరూ లేరు అన్నాను. గందుకేనా ఇంత దూరం అని మళ్ళీ రోడ్డు వైపు తిరిగాడు.

నిజంగానే ఎవరూ లేరు. పగడపు రాళ్ళతో కట్టిన ఇళ్ళు, పైకప్పులు కూలి, గోడలు నడుం దాకా మిగిలి ఉన్నాయి. ఊరి మధ్య చిన్న మసీదు, పొట్టి మినారు. ముందు ద్వారబంధం ఒక్కటే నిటారుగా నిలబడి ఉంది. వెనక గోడ పూర్తిగా పడిపోయి, అటు నుంచి సముద్రం కనిపిస్తోంది. మేనేజరూ మావగారూ ముందు నడుస్తున్నారు. ఇద్దరి ఇంగ్లీషూ ఒకదానికొకటి అందడం లేదని నాకు తెలుస్తూనే ఉంది. ఇద్దరికీ మాత్రం తెలిసినట్టు లేదు, మహా సంతోషంగా ఉన్నారు.

అప్పుడు నాకు ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఏదో డ్రాయింగు మీద ఒక సంతకం కనిపించడం లేదట. దాని గురించి గోడ నీడలో నిలబడి పావుగంట మాట్లాడాను. ఫోను పెట్టేసి చూస్తే మేనేజరు ఒంటరిగా ఒక బావి ఫొటో తీసుకుంటున్నాడు. మా మావగారేరని అడిగాను. నీ దగ్గరికే వచ్చాడనుకున్నానే అన్నాడు.

రెండుసార్లు పిలిచాను. గోడలు సగమే ఉన్నాయి కాబట్టి ప్రతిధ్వని కూడా రాలేదు. అప్పుడు డ్రైవరు మసీదు ద్వారం దగ్గర నుంచి చెయ్యి ఊపాడు.

“సార్, పెద్దాయన బూట్లు ఈడనే ఉన్నయి. పెద్దాయనే లేడు.”

రెండు బూట్లూ పక్కపక్కనే ఉన్నాయి. బయటికి రాగానే కాళ్ళు దూర్చడానికి వీలుగా ముక్కులు బయటివైపు తిప్పి ఉన్నాయి. మందిరం ముందు ఆయన ముప్ఫై ఏళ్ళుగా పెట్టే పద్ధతే. వాటిని చూస్తే నాకు ఆ ఇంగ్లండు వసారా గుర్తొచ్చింది. ఆ కథ చెప్పినవాణ్ణి నేనే. రుచి కోసం బురద తీసేసినవాణ్ణీ నేనే.

లోపల ఆయన లేరు. ఆయన అడుగులు మాత్రం ఇసక మీద తిన్నగా మిహ్రాబు, అంటే ప్రార్థన దిక్కు చూపే గూడు, ఉండాల్సిన చోటు దాకా వెళ్ళి, కూలిన గోడ మీదుగా అవతలికి దిగాయి. అటు వైపు నేలంతా ముత్యపు చిప్పల ముక్కలు, తుప్పు పట్టిన మేకులు, తెగిన వల పోగులు. డ్రైవరు వంగి చూస్తూ ముందు నడుస్తున్నాడు. నాలుగు గజాలు వెళ్ళాక ఆగిపోయాడు. వేలితో చూపించాడు. కుడి పాదం గుర్తులో మడమ దగ్గర చిన్న చీకటి చుక్క. తరవాతి కుడి అడుగులో కూడా. ఆ తరవాతి దాంట్లో ఇంకాస్త పెద్దది.

“నెత్తురు సార్. ఆయనకు తెల్వనట్టున్నది. గిట్లయితే ఎవడన్నా కుంటుతడు. అడుగులల్ల కుంటుడు లేదు.”

నేను పరిగెత్తాను. ఎటు పరిగెత్తాలో నిజానికి తెలీదు. అడుగులు సముద్రం దాకా వెళ్ళాయి, తడిలో కలిసిపోయాయి. అలలు లేని సముద్రం, మోకాలి లోతు నీళ్ళు, కనుచూపు మేర ఎవరూ లేరు. నా తలలో రెండే ఉన్నాయి, ఆ మడమ ఒకటి, మా ఆవిడ నెమ్మదిగా చెప్పిన మాట ఒకటి. ఇంతలో మేనేజరు ఎడమవైపు నుంచి కేక వేశాడు. అడుగులు ఒడ్డు వెంబడి కొంత దూరం పోయి మళ్ళీ ఊళ్ళోకి తిరిగాయి.

మూడో ఇంట్లో కిటికీ అరుగు మీద మావగారు కూర్చుని ఉన్నారు. చేతిలో ఒక చిప్ప ముక్క, దాన్ని ఎండకి అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు.

“మావయ్యగారూ, బూట్లు విప్పొద్దన్నానా?”

“మందిరంలోకి వెళ్తూ విప్పానండీ. బయటికి వచ్చేటప్పుడు వేసుకుందామని.”

“బయటికి వచ్చి చాలాసేపయింది.”

“గుమ్మం రాలేదు కదా బాబూ,” అన్నారాయన, నా తెలివి మీద కాస్త జాలిగా. “గుమ్మం వస్తే వేసుకునేవాణ్ణే.”

కాలు ఇటివ్వమన్నాను. అక్కర్లేదు, బానే ఉందన్నారు. కింద ఇసక మీద ఎర్రగా ఉన్న చోటు చూపించాను. ఆయన దాన్ని చూసి, ఆ తరవాత మా ముగ్గురి కాళ్ళూ చూశారు. ఆ రక్తం ఎవరిదా అని వెతుకుతున్నారు. నాకు అసలు భయం అప్పుడు వేసింది.

“మీరు ముట్టుకోకూడదండీ, అల్లుడుగారూ.”

“మీ అమ్మాయి డ్యూటీలో ఉంది. ఆవిడ బదులు నన్ను పంపింది. కాలివ్వండి.”

ఇచ్చారు. నేను నేల మీద చతికిలబడి ఆ పాదం ఒళ్ళో పెట్టుకున్నాను. డ్రైవరు నీళ్ళ సీసా వంచాడు. మడమలో చిప్ప ముక్క సగం దాకా దిగి ఉంది. దాన్ని లాగాలా వద్దా తేల్చుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది. మావగారు మాత్రం తల తిప్పుకుని మేనేజరుతో ఆ ఇంటి గోడల గురించి మాట్లాడుతూనే ఉన్నారు. చివరికి లాగాను. ఆయన మాట మధ్యలో ఆగలేదు కూడా.

ఇసక కడుగుతుంటే బొటనవేలి కింద ఇంకోటి కనిపించింది. అది చిప్ప వల్ల అయింది కాదు. పగిలిన పొక్కు, చుట్టూ తెల్లబడిన చర్మం, మధ్యలో పచ్చిగా ఉంది. ఆ రోజుది కాదు. డాక్టరు కానక్కర్లేదు, నాకే తెలిసింది.

మేనేజరు తన సంచీలోంచి ఒక జత ఉతికిన ఉన్ని మేజోళ్ళు తీశాడు. నడిచేవాడి దగ్గర ఎప్పుడూ పొడి జత ఒకటి ఉండాలట. కట్టు మీద అవి తొడిగాం. దోహా తిరిగి వస్తున్న గంటన్నరా డ్రైవరు ఒక్కడే, కదలండి కదలండి అన్నట్టు యల్లా యల్లా అని ముందున్న లారీలతో తనలో తను అనుకుంటూ ఉన్నాడు.

మా ఆవిడ తన ఆసుపత్రిలోనే ఉంది. మడమ గాయం చూసి కడిగింది. బొటనవేలి దగ్గర ఆగింది.

“ఇది ఇవాళ్టిది కాదు. నాలుగు రోజులదైనా ఉంటుంది.”

“నేనే సరిగ్గా చూపించలేదమ్మా,” అన్నారు మావగారు.

ఆవిడ ఆయన వైపు చూడలేదు. “నాలుగు రోజులూ బాగున్నాయని రాసుంది. సంతకం కూడా ఉంది,” అంది. నేను చెప్పడానికి చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను, వ్యాన్లో గంటన్నర అదే పని. చూడకుండా రాశానని మాత్రం చెప్పాను. ఆవిడ తల ఊపి, ఇంకో గాజుగుడ్డ అందుకుంది.

మడమ గాయం పది రోజుల్లో మానింది. భయమంతా ఆ చిన్న పొక్కుతోనే వచ్చింది. వేలు ఉంచాలా తియ్యాలా వచ్చే వారం చూసి చెబుతానన్నాడు డాక్టరు. వచ్చే వారం మళ్ళీ వచ్చే వారం అన్నాడు. విజిట్ గడువు పొడిగించాం. ఆ రోజుల్లో నేను రాస్ లఫాన్ బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మావగారు కుర్చీలో కూర్చుని, అడగకుండానే కాలు ముందుకి చాపి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవారు. నేను టార్చి వేసి చూసేవాణ్ణి. ఏం కనిపిస్తే అది రాసేవాణ్ణి. ‘మధ్యలో ఇంకా పచ్చిగా ఉంది.’ ‘అంచు కొంచెం ఎర్రగా ఉంది, నిన్నటికంటే తక్కువ.’ పేపరు వెనక నుంచి ఆయన ఒకరోజు, ఆ ఇంగ్లండు చర్చిలో బూట్లు విప్పినవాళ్ళకి కాళ్ళు చల్లగా అనిపించలేదా అని అడిగారు. మేజోళ్ళు ఉన్నాయండీ అన్నాను. ఆ తరవాత బురద సంగతి కూడా చెప్పాను. పేపరు కిందికి దిగింది.

“మరి మా సంఘంలో ప్రకటించేశాను కదండీ,” అన్నారు.

ఏడో వారానికి వేలు నిలిచింది. పది వేళ్ళతోనే విమానం ఎక్కారు. ఉన్ని మేజోళ్ళు కూడా తీసుకెళ్ళారు. వాటితో మందిరంలో కూర్చునే సంఘ పెద్ద మా జిల్లా మొత్తానికి ఆయన ఒక్కరే అయి ఉంటారు. జోళ్ళు మాత్రం గుమ్మం దగ్గరే విప్పుతారు, ముక్కులు బయటివైపు తిప్పి.

ఒప్పందం ప్రకారం ప్రతి ఆదివారం ఆరాధన అవగానే పాదాల ఫొటో నాకు పంపాలి, వాళ్ళ అమ్మాయికి కాదు, నాకు. ఇక్కడ ఆదివారం పని రోజు. ఇక్కడ ఎనిమిదిన్నర, అక్కడ పదకొండు అయ్యేసరికి నేను ఎదురుగా ఏ కాగితం ఉన్నా ఫోను వైపే చూస్తుంటాను. పది నిమిషాలు ఆలస్యమైతే నీళ్ళు తాగడానికి లేస్తాను, ఇరవై అయితే మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోను చేస్తాను. మొన్న ఆదివారం సరిగ్గా టైముకే వచ్చింది. కాలవ వైపు కిటికీ వెలుగులో రెండు పాదాలూ పక్కపక్కనే, నిండా ఉన్ని మేజోళ్ళతో. కింద ‘బానే ఉన్నాయండీ’ అని రాసి ఉంది.

మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోను చేశాను.

“మావయ్యగారూ, మేజోళ్ళు విప్పి తియ్యండి.”