మేకల బాట

సురంగల్ గుట్టకు కంచె వేసి రంజిత్ రేణుక వాళ్ల మేకలను తరిమేసిన రోజునే ఆమె అతని మీద పగబట్టింది. ఈ ఏడాది అతను అదే గుట్ట మీద సైకిల్ పందెం పెట్టి, తానూ దిగాడు. మొయినాబాద్‌కు రోజూ సైకిల్ మీద పాలు మోసే రేణుక, మొదటిసారి పందేనికి పేరిచ్చింది.

ఎక్కేటప్పుడే రొప్పుతూ అతన్ని దాటేసింది. పైన రంజిత్ పగలబడి నవ్వాడు. "ఈ పందెంలో ఎక్కినదానికి టైమ్ లెక్కపెట్టరు రేణుకా, దిగినదానికే."

ఆమెకు ఒళ్లు మండింది. దిగే దారి ఆమె పదేళ్లు మేకల వెనక పరుగెత్తినదే. రంజిత్ బ్రేకు పట్టిన ఏ బండ దగ్గరా ఆమె పట్టలేదు.

గెలిచిన రేణుకకు రంజితే మెడల్ వేయబోయాడు. ఆమె మెడ వంచలేదు.

"అది నువ్వే ఉంచుకో అన్నా. కంచె గేటు తియ్యి. మా అవ్వ మేకలను తోలుకొచ్చి బయట నిలబడ్డది."